కాకరపువ్వొత్తి ఆరాక ఆ తీగ ఎక్కడ పడేశారు?

దసరా వెళ్ళి వారమైనా కాలేదు, దీపావళి ఉత్తరాలు సంచి నిండా వచ్చాయి. వాట్సాప్‌లో వచ్చినవి వేరే. సగం మంది "టీచరుగారూ" అన్నారు, సగం మంది "అమ్మా" అన్నారు. ఒకాయన మాత్రం "సైన్సు మేడమ్ గారికి" అని రాసి, కవరు మీద ఎర్ర సిరాతో "అర్జెంట్" అని వేసి కింద రెండు గీతలు గీశారు. ఆయన అడిగింది అమావాస్య ఎప్పుడని. అర్జెంటే మరి.

కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక ముక్క. నేను తణుకు దగ్గర పల్లెటూళ్ళో పుట్టాను. జిల్లాపరిషత్ హైస్కూళ్ళలో ఫిజికల్ సైన్స్ చెప్పి 2012లో రిటైరయ్యాను. ఇప్పుడు రాజమండ్రిలో ఉంటున్నాను. టపాకాయలు మానెయ్యమని గట్టిగా రాయండి అని కొందరు, మన పండగ మీద ఈ ఆంక్షలేమిటని గట్టిగా రాయండి అని ఇంకొందరు అడిగారు. రెండూ నావల్ల కాదు. నేను ఏటా రెండు చిచ్చుబుడ్లు కాలుస్తాను, తర్వాత రెండు రోజులు దగ్గుతాను.

ప్రశ్న: మా తాతగారి ట్రంకుపెట్టెలో పాత నోటుపుస్తకం దొరికింది. "మతాబు మందు", "చిచ్చుబుడ్డి మందు" అని తులాల్లో లెక్కలు రాసి ఉన్నాయి. ఈసారి పిల్లలకి ఇంట్లో చేసిన దీపావళి చూపించాలని ఉంది. సూరేకారం (పొటాషియం నైట్రేట్) ఎక్కడ దొరుకుతుంది? ఆ తులాల్ని గ్రాముల్లోకి మార్చి పెడతారా?
— ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: మార్చనండీ. తులానికి ఎన్ని గ్రాములో బంగారం కొట్లో అడిగినా చెబుతారు, కానీ మీ నోటుపుస్తకానికి ఆ లెక్క నేను వెయ్యను. ఎందుకో చెబుతాను, కొంచెం పెద్ద కథ.

మా ఇంట్లో దసరా మర్నాటి నుంచీ పెరడంతా మందుల కొట్టే. నాన్న పోస్టుమాస్టరు. పగలంతా ఉత్తరాల మీద ముద్రలు, సాయంత్రం ఈ పని. సూరేకారం ఒక చాప మీద, గంధకం ఇంకో చాప మీద, బొగ్గు దూరంగా మరో మూల ఆరేవి. బొగ్గు కోసం జిల్లేడు కొమ్మలు కాల్చేవారు. తేలిగ్గా ఉండి, వేళ్ళతో నలిపితే పొడైపోయేది. చిచ్చుబుడ్డిలో పువ్వులు విరజిమ్మేది బీడు రజను, అంటే పోత ఇనుము పొడి. దాన్ని ముందుగా ఆముదంతో తడిపేవారు. ఎందుకు నాన్నా అంటే "తుప్పు పడితే పువ్వు రాదే" అనేవారు. చాలా ఏళ్ళ తర్వాత తొమ్మిదో తరగతికి తుప్పు పాఠం చెప్పాల్సి వస్తే, పుస్తకంలోని మేకు బొమ్మ వదిలేసి ఆ ఆముదం సంగతే చెప్పాను.

నా పని గొట్టాలు చుట్టడం. పోస్టాఫీసులో పనికిరాని ఫారాలు తెచ్చి, రూళ్ళకర్ర మీద చుట్టి, మైదాపిండి ఉడికించిన జిగురు రాసి, ఒక చివర మడిచి బొటనవేలితో నొక్కాలి. బిగువు తగ్గితే మతాబు సగంలో ఉండగా గొట్టం చీలి చెయ్యి కాలుతుంది. అందుకని ఎండిన ప్రతి గొట్టాన్నీ నాన్న చూపుడువేలితో మీటి చూసేవారు. టక్కుమంటే సరే. డొల్లగా మోగితే పక్కన పడేసేవారు. రోజుకి నలభై చుడితే పది పోయేవి, నాకు ఏడుపొచ్చేది. మందు కూరే చోటికి మాత్రం మమ్మల్ని గడప దాటి రానిచ్చేవారు కాదు.

1968లో మా పెదనాన్నగారి అబ్బాయి, నాకంటే రెండేళ్ళు పెద్ద, ఇదంతా చూసి చూసి తనే చెయ్యబోయాడు. సూరేకారం అయిపోయిందని కొట్లో పొటాష్ తెచ్చాడు. అదీ తెల్ల పొడే కదా! గంధకంతో కలిపి నూరాడు. అగ్గిపుల్ల లేదు, నిప్పు లేదు. కుడిచేతి రెండు వేళ్ళూ ఎడమ కన్నూ పోయాయి. ఆ తర్వాత మా పెరట్లో చాపలు పరవలేదు. అన్నయ్య ఎడమ చేత్తో రాయడం నేర్చుకుని, బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ దీపావళి రాత్రి వీధి అరుగు మీద కుర్చీ వేసుకుని, "వంగకండ్రా, మొహం పక్కకి పెట్టండ్రా" అని వీధిలో పిల్లలందరి మీదా అరుస్తుంటాడు.

అప్పట్లో కొట్లో పొటాష్ అని అమ్మింది పొటాషియం క్లోరేట్. దానికి గంధకం కలిస్తే చిన్న రాపిడి చాలు, ఒక్కోసారి అదీ అక్కర్లేదు. ఆ రెంటినీ కలిపి బాణసంచా చెయ్యకూడదని కేంద్ర ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. లైసెన్సులూ ఫోర్‌మన్లూ ఉన్న ఫ్యాక్టరీలకే ఆ మాట చెప్పాల్సి వచ్చిందంటే పెరట్లో మనమెంత? 2024 దీపావళి రోజునే ఏలూరులో ఉల్లిపాయ బాంబుల సంచితో వెళ్తున్న స్కూటర్ గోతిలో పడింది. ఆ కుదుపుకే అన్నీ పేలి ఒకరు చనిపోయారు, పక్కనున్నవాళ్ళు గాయపడ్డారు. మందు నోటుపుస్తకంలో లెక్కగా ఉన్నన్నాళ్ళే మన మాట వింటుంది.

నోటుపుస్తకం పారెయ్యకండి. తులాలూ పలాలూ ఉన్న ఆ చేతిరాత పిల్లలకి చూపించండి. ఏదైనా చేయించాలనే ఉంటే అదే మైదా జిగురు, పాత కాగితాలు, నాలుగు వెదురు బద్దలు పెట్టి ఆకాశదీపానికి బుట్ట చేయించండి. పండగ మర్నాటి నుంచి కార్తీకమే కదా, నెలంతా వేలాడుతుంది. లోపల చిన్న బల్బు పెట్టండి, ప్రమిద వద్దు. కాగితం కదా.

ప్రశ్న (అర్జెంట్): 2024లో మేం అక్టోబరు 31న దీపావళి చేసుకున్నాం. మా తమ్ముడు వాళ్ళ పంతులుగారి మాట విని నవంబరు 1న చేశాడు. ఆ రోజు అన్న మాటల మీద ఇప్పటికీ మాకు సరిగ్గా పలకరింపుల్లేవు. ఎవరిది రైటు?
— ఒక పెద్దాయన, విజయనగరం

జవాబు: అన్నయ్యగారూ, చాలా పండగలకి సూర్యోదయానికి ఉన్న తిథి చూస్తాం. దీపావళికి పొద్దుగూకే వేళ, అంటే ప్రదోషానికి, అమావాస్య ఉందా లేదా అని చూడాలి. ఆ ఏడు అమావాస్య గురువారం సాయంత్రం నాలుగవుతుండగా వచ్చి, శుక్రవారం సాయంత్రం ఆరు దాటాక పోయింది. అంటే రెండు సాయంత్రాలకీ తగిలింది. గొడవంతా అక్కడే. రాత్రంతా అమావాస్య ఉన్నది మాత్రం గురువారమే. మన రెండు తెలుగు ప్రభుత్వాలూ 31నే సెలవిచ్చాయి. కాబట్టి మీది రైటు. దేశంలో కొన్నిచోట్ల శుక్రవారం చేసుకున్నారు, కాబట్టి మీ తమ్ముడిది తప్పని నాతో రాయించలేరు.

2025లో మన దగ్గర ఈ తంటా పెద్దగా రాలేదు. అక్టోబరు 20 సోమవారం తెల్లవారుజామున చతుర్దశి తలంటు, అదే సాయంత్రం అమావాస్య దీపాలు. 2026లో నవంబరు 8 ఆదివారం కూడా అంతే, రెండూ ఒక్క రోజునే. పోట్లాటకి సందు లేదు. ఫోన్ మీరే చెయ్యండి, పెద్దవారు కదా.

ప్రశ్న: బాల్కనీలో ముప్ఫై ప్రమిదలు పెడతాను. గంట తిరక్కుండా సగం నూనె ప్రమిదే తాగేస్తుంది. గచ్చు మీద జిడ్డు మరకలు, గోడకి మసి. మావారు సీరియల్ లైట్లు చాలంటారు.
— గృహిణి, మియాపూర్

జవాబు: ముందురోజు రాత్రి బకెట్టు నీళ్ళలో ప్రమిదలు వెయ్యమ్మా. వెయ్యగానే బుడబుడమని బుడగలొస్తాయి. అది మట్టి సందుల్లో దాక్కున్న గాలి. గాలి పోయి ఆ సందుల్లో నీళ్ళు చేరితే ఇక నూనెకి చోటుండదు. పొద్దున్నే తీసి నీడన బోర్లించు. పైతడి ఆరితే చాలు. ఎర్రటి ఎండలో ఎండబెట్టావంటే మళ్ళీ మొదటికొస్తుంది, పడ్డ పాటంతా వృథా. మా ఇంట్లో పనిచేసే ఆవిడ చేసేదిది. నేను కాలేజీలో కేశనాళికలు, అంటే సన్నటి సందుల్లోకి ద్రవం దానంతటదే ఎలా పాకుతుందో, చదువుకున్నాక గానీ ఆవిడ గొప్పతనం నాకు తెలీలేదు.

గోడకి మసి పట్టేది వత్తి పొడవైతే. ప్రమిద అంచు దాటి గోరంత బయటికి ఉంటే చాలు. వేలెడంత లాగితే నూనె పూర్తిగా మండక పొగవుతుంది. రెండు వత్తులు కలిపి ఒకటిగా పేని వెయ్యి, ఆనవాయితీకి ఆనవాయితీ, గాలికీ తొందరగా ఆరదు. నూనె అంచు దాకా పొయ్యకు. కింద పాత స్టీలు పళ్ళెంలో ఇసుక పోసి అందులో ప్రమిదలు కూర్చోబెడితే గచ్చు మరకలూ ఉండవు, పిల్లి తోసినా పొర్లదు. రంగులేసి అద్దాలంటించిన ప్రమిదలు చూడ్డానికి బావుంటాయి కానీ, వేడికి ఆ రంగు వాసనేస్తుంది. అవి షోకేసులో పెట్టుకో.

ముప్ఫై ఎందుకు? బాల్కనీలో ఆరేసిన బట్టలు, పైనుంచి దిగిన కర్టెను, మూల ఏసీ పెట్టె... తొమ్మిది పెట్టి, అవి ఆరేదాకా అక్కడే పీట వేసుకుని కూర్చో. మీవారిని కూడా కూర్చోమను. సీరియల్ లైట్ల ముందు ఎవరైనా కూర్చుంటారా?

ప్రశ్న: టపాకాయల బాక్సు మీద "గ్రీన్" అని రాసి ధర ఎక్కువ చెబుతున్నారు. నిజంగా తేడా ఉందా, పచ్చి మోసమా?
— రిటైర్డ్ ఉద్యోగి, గుంటూరు

జవాబు: ముందు ఒక తమాషా వినండి. గ్రీన్ టపాకాయ అంటే ఆకుపచ్చగా వెలిగేది కాదు. బాణసంచాలో ఎరుపు స్ట్రాన్షియం వల్ల, పసుపు సోడియం వల్ల, నీలం రాగి వల్ల వస్తాయి. ఆకుపచ్చ సాధారణంగా బేరియం లవణాల వల్ల. ఆ బేరియాన్నే వాడొద్దని సుప్రీంకోర్టు చెప్పింది, 2021లో మళ్ళీ గట్టిగా చెప్పింది. కాబట్టి గ్రీన్ బాక్సులోంచి చిక్కటి ఆకుపచ్చ వెలుగొస్తే ఆ బాక్సుని అనుమానించండి.

తేడా ఉంది. నాగపూర్‌లోని నీరి అనే కేంద్ర పరిశోధన సంస్థవాళ్ళు 2018 నుంచి తయారుచేసిన ఫార్ములాలివి. పొగలోని ధూళి మామూలు వాటికంటే 30 శాతమైనా తగ్గాలన్నది వాళ్ళ లెక్క. పొగ ఉండదని వాళ్ళెప్పుడూ అనలేదు, ఆ మాట కొట్టువాళ్ళు కలిపారు. వంద పాళ్ళ పొగ డెబ్బై పాళ్ళవుతుంది. "గ్రీనే కదా" అని ఇంకో రెండు బాక్సులు ఎక్కువ కాలిస్తే ఆ ముప్ఫై ఎటు పోయిందో మీరే లెక్కెయ్యండి. బాక్సు మీద నీరి గుర్తు, క్యూఆర్ కోడ్, తయారీదారు పేరూ ఊరూ ఉండాలి. ఊరు చాలావాటి మీద శివకాశే ఉంటుంది. అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు 1920ల్లో కలకత్తా వెళ్ళి అగ్గిపెట్టెల పని నేర్చుకొచ్చారు. బాణసంచా ఆ తర్వాత అందుకుంది. వాన తక్కువ ఊరు, మందు ఆరడానికి అనువు. పేరూ ఊరూ లేని సరుకు చవగ్గా వస్తే తీసుకోకండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో దీపావళికి కాల్చే వేళ రాత్రి 8 నుంచి 10 దాకా అని ఉంది. వెయ్యివాలా లాంటి దండలు వద్దంది, ఆన్‌లైన్ అమ్మకాలు వద్దంది. పేలే చోటుకి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్ దాటకూడదన్న నిబంధన అంతకుముందు నుంచే ఉంది. మా వీధిలో పది దాటాకే అసలు జోరు మొదలవుతుంది, అది వేరే సంగతి.

ప్రశ్న: మా పాపకి ఏడేళ్ళు, ఉబ్బసం ఉంది. బాంబులు దగ్గరికి రానివ్వను. పాముబిళ్ళలు, కాకరపువ్వొత్తులే ఇస్తాను. అయినా మర్నాటికి ఆయాసం వస్తోంది.
— ఒక తల్లి, వరంగల్

జవాబు: అమ్మా, చప్పుడు లేనిది మంచిదనుకుంటాం. నేనూ అలాగే అనుకునేదాన్ని. పుణెలోని చెస్ట్ రీసెర్చ్ ఫౌండేషన్ వాళ్ళు 2016లో ఆరు రకాల బాణసంచా ఒక్కొక్కటీ కాల్చి సన్నధూళి కొలిచారు. అన్నిట్లోకీ ఎక్కువ వదిలింది పాముబిళ్ళ. ఘనపు మీటరుకి 64,500 మైక్రోగ్రాములు. చిచ్చుబుడ్డి ఆరింట్లోకీ తక్కువ, 4,860. కాకరపువ్వొత్తి మధ్యలో ఉంది. వెయ్యి టపాకాయల దండ కూడా పాముబిళ్ళ తర్వాతే. పైగా పాము ఎలా లేస్తోందో చూడాలని పిల్లలు ముక్కు దాని మీదే పెడతారు! ఈసారి అది ఇంట్లోకి తేకండి.

పండగకి ముందే డాక్టరుకి చూపించి, ఇన్‌హేలర్ ఎప్పుడు ఎంత వాడాలో రాయించుకోండి. పొద్దుగూకగానే పాప చేత దీపాలు వెలిగించండి, వీధిలో హోరు మొదలయ్యేసరికి లోపలికి తీసుకెళ్ళి కిటికీలు వేసెయ్యండి. తలుపు కింద సందుకి తడి తువ్వాలు అడ్డం పెట్టండి. జేబురుమాలు కట్టడం వల్ల ఉపయోగం లేదు, ఆ ధూళి బట్టలోంచి దూరిపోతుంది. బయటికి వెళ్ళక తప్పకపోతే మొహానికి సరిగ్గా పట్టే ఎన్95 మాస్కు కావాలి. మర్నాటి తెల్లవారుజాము ఇంకా కష్టం. చలికి గాలి కదలక, రాత్రి పొగంతా నేలబారుగా నిలిచిపోతుంది. ఎండెక్కేదాకా కిటికీలు తియ్యకండి.

ప్రశ్న: మాది జగిత్యాల. పోయిన మాఘంలో పెళ్ళై కాకినాడ వచ్చిన. మా దిక్కు దీవాళి అంటే నరకచతుర్దశి నాడు తెల్లారకముందే ఇంట్ల మగవాళ్ళకి మంగళహారతులు ఇస్తం, తర్వాత నోములు. ఇక్కడ తలంటు పోసుకుంటారు, పటాకులు కాలుస్తారు, అంతే. అత్తమ్మని అడగాలంటే టెన్షన్. తమ్ముడు హైదరాబాద్‌ల ఉంటడు.
— కొత్త కోడలు

జవాబు: బిడ్డా, నీకో సంగతి చెబుతాను. 1989లో మేం కొవ్వూరులో అద్దెకుండేవాళ్ళం. పక్కవాటాలోకి కరీంనగర్ అమ్మాయి కొత్తగా వచ్చింది. నరకచతుర్దశి నాడు నాలుగున్నరకి మా తలుపు తట్టింది. చేతిలో ఇత్తడి పళ్ళెం, అందులో దీపం, కుంకుమ, అక్షింతలు. "అన్నకి హారతి ఇస్త వదినా, మా అన్న ఊర్లె లేడు" అంది. మావారు నిద్రమొహంతోనే పీట మీద కూర్చున్నారు. బొట్టు పెట్టి హారతి తిప్పింది. పళ్ళెంలో ఏదో వెయ్యాలని ఆయనకి ఎవరో కనుసైగ చేశారు, నేనే అనుకుంటా. బనీను మీద ఉన్న మనిషికి జేబెక్కడిది? చేతి గడియారం తీసి వేశారు. ఆ అమ్మాయి నవ్వు ఆపుకోలేక లోపలికి పారిపోయింది. మధ్యాహ్నం యాభై రూపాయలూ జాకెట్టు ముక్కా ఇచ్చి గడియారం విడిపించుకున్నాం. అక్కడున్న మూడేళ్ళూ మా ఇంట్లో దీపావళి అలాగే మొదలైంది.

అందుకని అడుగు. అడగడమంటే పర్మిషన్ అడగకు. "అత్తమ్మా, రేపు పొద్దున మామయ్యకి హారతి ఇస్తాను, పళ్ళెం ఏది తియ్యమంటారు?" అను. పళ్ళెం గురించి మాట్లాడుకుంటూ ఉండగానే పని అయిపోతుంది. నోము సంగతి మాత్రం వేరు. కేదారేశ్వర నోము ఉన్న ఇంట్లోనే తరతరాలుగా నడుస్తుంది, లేని ఇంట్లో నీ అంతట నువ్వు మొదలుపెట్టేది కాదు. మీ అమ్మనీ అత్తగారినీ మాట్లాడుకోనీ. తమ్ముడికి వీడియో కాల్‌లో హారతివ్వు. పళ్ళెంలో వెయ్యడానికి వాడికి ఫోన్‌పే ఉండనే ఉంది, తప్పించుకోలేడు.

ప్రశ్న: ఎడిసన్‌లో మా అబ్బాయి ఇంటికొచ్చాను. దీపం పెడితే పైనున్న పొగ అలారం గీపెడుతోంది. కోడలు బ్యాటరీ దీపాలు పెట్టుకోమంటోంది. ఇదేం పండగమ్మా?
— ఒక అమ్మ, న్యూజెర్సీ నుంచి

జవాబు: వదినగారూ, ఆ అలారం బ్యాటరీ పీకించకండి. అక్కడి ఇళ్ళు ఎక్కువ చెక్కతో కట్టినవి. కోడలి మాటలో న్యాయముంది. దేవుడి దగ్గర ఒక్క నిజం దీపం, చిన్న వత్తితో, అలారానికి దూరంగా, మీరు ఎదురుగా ఉన్నంతసేపూ. గుమ్మం మెట్ల మీద బ్యాటరీవి. మనవడి చేత్తో ఆ ఒక్కటీ వెలిగించండి. బయట ఏం కాల్చవచ్చో ఊరూరికీ రూలు మారుతుంది, ముందు అబ్బాయిని కనుక్కోమనండి. పక్కనే న్యూయార్క్ నగరంలో 2024 నుంచీ బడులకి దీపావళి సెలవిస్తున్నారు. నేను పనిచేసినన్నాళ్ళూ నరకచతుర్దశికి సెలవు ఇస్తారా ఇవ్వరా అని స్టాఫ్‌రూమ్‌లో గుండెలు పట్టుకుని కూర్చునేవాళ్ళం.

ప్రశ్న: కిందటేడు మా బాబు అరికాలు కాలింది. అత్తగారు టూత్‌పేస్టు రాశారు, పక్కింటావిడ సిరా పొయ్యమన్నారు. ఏది మంచిది?
— ఒక కోడలు, నంద్యాల

జవాబు: రెండూ కాదు. కుళాయి కింద పెట్టి ఇరవై నిమిషాలు నీళ్ళు ధారగా పోనివ్వాలి. ఇరవై అంటే గడియారం చూసి ఇరవై. మనం రెండు నిమిషాలకే తీసేసి "చల్లబడిందిలే" అంటాం. పైన చర్మం చల్లబడినా లోపల ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. ఐసు పెట్టకూడదు. ఉంగరం, మొలతాడు, కడియం లాంటివి వాపు రాకముందే తీసెయ్యాలి. బట్ట అంటుకుపోతే లాగకూడదు. తర్వాత శుభ్రమైన పలచటి బట్ట కప్పి ఆసుపత్రికి వెళ్ళాలి. పేస్టూ సిరా రాస్తే వేడి లోపలే ఉండిపోతుంది. పైగా డాక్టరు కాలిన చోటు చూడాలంటే ముందు వాటిని గీకాలి, బాబుకి అదో నరకం. కంట్లో పడితే నలపకూడదు, సొంతంగా చుక్కలు వెయ్యకూడదు, తిన్నగా కంటి ఆసుపత్రికే. హైదరాబాద్‌లో సరోజినీదేవి కంటి ఆసుపత్రికి ఏటా ఆ రాత్రి పిల్లలు వస్తూనే ఉంటారు.

మీరు రాయలేదు కానీ అరికాలు కాలిందంటే నాకు అనుమానమే. కాకరపువ్వొత్తి తీగ కదూ? వెలుగుతున్నప్పుడు దాని వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది. ఆరిన మరుక్షణం అందరం దాన్ని మర్చిపోయి ఎటో విసిరేస్తాం. చీకట్లో అది నల్లగా, చల్లగా ఉన్నట్టే కనిపిస్తుంది. పిల్లాడు దాని మీద కాలేస్తాడు. సగం నీళ్ళ బకెట్టు పక్కన పెట్టి, ఆరిన ప్రతి తీగా అందులో ముంచాలని ఆట పెట్టండి. చుంయ్‌మని ఎవరిది గట్టిగా అంటుందో వాళ్ళు గెలిచినట్టు. మా మనవలు ఆ చప్పుడు కోసమే కాల్చడం తొందరగా ముగిస్తారు. కాళ్ళకి చెప్పులు, ఒంటికి నూలు బట్టలు. పట్టు పరికిణీ పొద్దున ఫొటోలకి చాలు.

ప్రశ్న: మా కుక్క మంచం కింద దూరి వణుకుతుంది. నిద్రమాత్ర వెయ్యొచ్చా?
— విజయవాడ

జవాబు: పశువైద్యుడు చెప్పకుండా వద్దు. పొద్దుండగానే తిప్పి తీసుకొచ్చి, లోపలి గదిలో ఫ్యానూ టీవీ పెట్టి పడుకోబెట్టండి. మంచం కిందే బావుందనుకుంటే అక్కడే ఉండనివ్వండి, లాగకండి. మెడపట్టీ మీద మీ ఫోన్ నంబరు రాయండి, ఒకవేళ పారిపోతే పనికొస్తుంది.

ప్రశ్న: నేను ఆరో తరగతి. మా అమ్మమ్మ ఊళ్ళో గోగుకాడలకి గుడ్డ కట్టి వెలిగించి "దిబ్బు దిబ్బు దీపావళి, మళ్ళీ వచ్చే నాగులచవితి" అని నేలకేసి కొడతారు. అలా ఎందుకు కొట్టాలి? వైజాగ్‌లో గోగుకాడలు ఎక్కడ దొరుకుతాయి?
— ఒక అబ్బాయి, విశాఖపట్నం

జవాబు: బాబూ, ఈసారి వచ్చిన ఉత్తరాలన్నిట్లో నాకు నచ్చింది నీదే. ఇదే ప్రశ్న నీ వయసులో నేను ముగ్గుర్ని అడిగాను. మా అమ్మ, "పితృదేవతలు తిరిగి వెళ్ళే దారిలో చీకటి కదా, దివిటీ చూపిస్తున్నాం" అంది. మా నాన్న, "వానలు వెళ్ళి దోమలు ముసిరే కాలం, పొగ పెడుతున్నాం" అన్నారు. మా నాయనమ్మ, "కొట్టమన్నారు, కొట్టు" అంది. నీకు ఏది కావాలో తీసుకో.

ముదిరిన గోంగూర మొక్కే గోగు. రైతుబజారులో గోంగూర అమ్మేవాళ్ళని రెండు రోజుల ముందే అడిగి ఉంచు, వేళ్ళతో సహా తెచ్చిపెడతారు. దొరక్కపోతే పచ్చి ఆముదం కొమ్మ. ఎండు కర్ర మాత్రం వద్దు, అది కూడా మండుతుంది. పాత నూలు పంచె చించి, కాడ చివర రెండు ముళ్ళు వేసి బిగించు. నువ్వులనూనెలో ముంచి, కారకుండా పిండాలి. వెలిగించేటప్పుడు అమ్మో నాన్నో పక్కనుండాలి. చేతిని చాచి పట్టుకో, నీ వైపు వంచకు. గుమ్మం బయట మట్టి నేల మీద మూడుసార్లు. మీది అపార్ట్‌మెంటైతే కింద పార్కింగులో వద్దు, బళ్ళలో పెట్రోలుంటుంది. ఖాళీ జాగాలోకి వెళ్ళండి. అయ్యాక కాళ్ళు కడుక్కుని తీపి తిని, అప్పుడు టపాకాయలు. ఒక పెట్టె కాకరపువ్వొత్తులు దాచుకోవడం మర్చిపోకు. నాలుగు రోజుల్లో నాగులచవితి అని నీ నోటితో నువ్వే పాడావు కదా.

ఇంకోటి. దివిటీ కొట్టి పడేశాక వెనక్కి చూడకుండా ఇంట్లోకి వచ్చెయ్యాలంటారు. నేను గడప దగ్గర ఆగి చూసేదాన్ని. వీధి పొడవునా ఇంటింటి ముందూ ఒక్కో గుడ్డముడి ఎర్రగా కణకణలాడుతుండేది, ఒక్కొక్కటే ఆరిపోతూ.